లేని మర్రిచెట్టుకు రెండొందల మీటర్లు

'పాత మర్రిచెట్టు నుంచి దక్షిణానికి రెండొందల మీటర్లు, అక్కణ్నుంచి తూర్పుకి యాభై. తెల్ల గేటు.' ఇదేదో పల్లెటూళ్లో దారి చెప్పడం కాదు. మధ్య అమెరికాలోని కోస్టారికా రాజధాని శాన్ హోసేలో చిరునామాలు ఇలాగే ఉంటాయి. సరే, మర్రిచెట్టు ఎక్కడుందో కనుక్కుందామని బయల్దేరితే అది కనిపించదు. శాన్ పెద్రో ప్రాంతంలోని ఆ మర్రిజాతి చెట్టు ఎప్పుడో పోయింది. అయినా జనం నోట్లో గుర్తుగా అదే మిగిలింది. బస్సులు ఆగే ఓ ప్రాంతాన్నయితే ఏకంగా 'కోకాకోలా' అంటారు. ఒకప్పుడు అక్కడ ఆ కంపెనీ శీతల పానీయం సీసాల్లో నింపేవారట. ఇప్పుడు లేదు, పేరు మాత్రం ఉంది.

లాప్‌టాప్ పట్టుకుని ఈ ఊళ్లో దిగినవాడికి అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ఎక్కడో ఉన్న ఆఫీసు పనిని క్షణాల్లో అందుకుంటాడు కానీ, అద్దెకు తీసుకున్న ఇల్లు దొరకాలంటే మాత్రం కనీసం ముగ్గుర్ని అడగాలి. వందమీటర్లంటే ఓ వీధి దాటడమనే అర్థం, టేపు పెట్టి కొలవకూడదు! 2012లో నగరపాలక సంస్థ వీధి బోర్డులు పెట్టడం మొదలుపెట్టింది. బోర్డులొచ్చినా మనుషుల అలవాటు అంత సులువుగా పోలేదు.

ఇక్కడికొచ్చి పనిచేసుకునే విదేశీయుల కోసం కోస్టారికా 2021లో ప్రత్యేక చట్టం చేసింది. ఒంటరిగా వచ్చేవారికి నెలకు కనీసం 3,000 డాలర్లు బయటి దేశం నుంచి వస్తున్నట్టు చూపితే ఏడాది ఉండొచ్చు, మరో ఏడాది పొడిగించుకోవచ్చు. ఆ సంపాదన మీద ఆదాయపు పన్నూ లేదు. అమెరికా కంపెనీలకు పనిచేసేవాళ్లకు సమయం కూడా కలిసొస్తుంది. హైదరాబాద్‌లో ఉంటే అర్ధరాత్రి దాకా మేలుకుని చేసే పనిని శాన్ హోసేలో ఎంచక్కా పట్టపగలు చేసుకోవచ్చు. మనకు రాత్రి ఎనిమిదిన్నరయితే వాళ్లకు ఉదయం తొమ్మిది. ఊరు దాదాపు 1,170 మీటర్ల ఎత్తున ఉండటంతో ఎండ బాధా తక్కువే. మే నుంచి నవంబరు దాకా మాత్రం మధ్యాహ్నం భోజనమయ్యేసరికి వాన సిద్ధం. చూడాల్సినవన్నీ పొద్దున్నే చూసేయాలి.

ఆ పొద్దున్నే 1880 నాటి సెంట్రల్ మార్కెట్లోకి దూరితే ఇరుకు సందుల్లో చిన్నచిన్న హోటళ్లు. వాటిని 'సోదా' అంటారు, గోలీసోడా అనుకునేరు! అక్కడి ఉదయపు ఫలహారం గాయో పింతో. రాత్రి మిగిలిన అన్నాన్ని ఉల్లిపాయలు, కొత్తిమీర, ఉడికించిన నల్ల చిక్కుడు గింజలతో కలిపి వేయిస్తారు. చద్దన్నం తాలింపు తిని పెరిగినవాళ్లకు ఇదేం కొత్త కాదు. కాఫీ మాత్రం చెక్క స్టాండుకు వేలాడదీసిన గుడ్డ సంచిలోంచి చుక్కచుక్కగా దిగాల్సిందే.

కాఫీ డబ్బే ఈ ఊరికి అందం తెచ్చింది. కాఫీ ఎగుమతుల మీద వేసిన పన్ను ఆసరాగా కట్టి 1897లో తెరిచిన నేషనల్ థియేటర్ చూసి తీరాలి. పైకప్పు మీది కాఫీ కోతల బొమ్మను ఇటలీ చిత్రకారుడు వేశాడు. కొండల మీద పండే కాఫీని సముద్రపొడ్డున కోయించాడు, అరటిగెలను తలకిందులుగా పట్టించాడు! ఊరి సంగతి తెలియకుండా దూరం నుంచి పనిచేస్తే ఏమవుతుందో అక్కడ తలెత్తి చూసుకోవచ్చు.

ఆ పొరపాటు ఇప్పుడు వచ్చేవాళ్లూ చేస్తున్నారు. ఒకప్పుడు కాఫీ షావుకార్లుండే ఎస్కలాంతే పేటలో పాత బంగళాలు రెస్టారెంట్లయ్యాయి, పక్కనే అపార్టుమెంట్లు లేచాయి. అద్దెలు చాలావరకు డాలర్లలోనే చెబుతారు. చట్టం అడిగే 3,000 డాలర్లు స్థానిక కనీస వేతనానికి దాదాపు నాలుగు రెట్లు. లాప్‌టాప్ వాడికి చవగ్గా తోచిన గది పక్కింటి కుర్రాడికి అందదు. కాఫీ దుకాణంలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తనలాంటివాళ్లతోనే ఇంగ్లిష్‌లో మాట్లాడి ఏడాది గడిపేసేవాళ్లకు ఈ సంగతే పట్టదు.

అలా కాకుండా కాస్త స్పానిష్ నేర్చుకుని మూలమీది సోదాలో రోజూ తినేవాడికి ఊరు మెల్లగా లోపలికి చోటిస్తుంది. ఓరోజు ఆ సోదా మూతపడి, గేటుకు తాళం పడుతుంది. మర్నాడు ఇంటికి సామాన్లు తెచ్చే కుర్రాడు దారి తెలీక ఫోన్ చేస్తాడు. 'పాత సోదా నుంచి ఉత్తరానికి వంద మీటర్లు' అంటాడు ఇతను, తడుముకోకుండా.