పాడింగ్‌టన్‌ను పెరూకు పంపిన నిజం

పిల్లల పుస్తకంలో ఎలుగుబంటి కోటు తొడుక్కోవచ్చు, మార్మలేడ్ తినొచ్చు. పుట్టిన ఊరు మాత్రం నిజమై ఉండాలి. 1958లో వచ్చిన పాడింగ్‌టన్ కథలో మైకేల్ బాండ్ తన ఎలుగును మొదటి చిత్తులో ఆఫ్రికా నుంచి రప్పించాడు. అక్కడ ఎలుగుబంట్లు లేవని ఏజెంటు చెప్పడంతో పెరూకు మార్చాడు. కళ్లచుట్టూ లేతరంగు వలయాలుండే ఎలుగు అక్కడ నిజంగానే ఉంది. ఈ దిద్దుబాటు చిన్నదేం కాదు. పిల్లల కథల్లోని మరో ఎలుగు విన్నీ ద పూ పేరు వెనకా లండన్ జూలో బతికిన ఓ నల్ల ఎలుగు ఉంది. కెనడా సైన్యంలోని పశువైద్యుడు హ్యారీ కోల్‌బర్న్ 1914లో కొన్న పిల్ల అది. పెద్దల కోసమైతే, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన డగ్ పీకాక్ రాసిన 'గ్రిజ్లీ ఇయర్స్' ఉంది. అందులో ఎలుగు బొమ్మా కాదు, రాక్షసీ కాదు. తెలుగు పిల్లలకు జాంబవంతుడు తెలుసు, సరే. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి వచ్చే ఎలుగుబంటి సంగతో? అది చెదపురుగుల్ని పీల్చుకు తింటుందనీ, పిల్లల్ని వీపున మోస్తుందనీ, ఎక్కువగా అదాటున మనిషి ఎదురైనప్పుడే మీద పడుతుందనీ చెప్పే బొమ్మల పుస్తకం ఆ ఊళ్ల బడుల్లో ఉండాలి. భయపెట్టే వార్తలు అక్కడికి ఎలాగూ చేరుతున్నాయి. తెలుగు ప్రచురణకర్తలు ఈ పని మీద దృష్టి పెట్టాలి.