పోలిక లేని ఫలితము
1964లో కాకినాడ వర్తకులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ద్వారా సాధనప్రేరణను (కార్యమును చక్కగా సాధింపవలెనను తపనను) పెంపొందించు శిక్షణ నిప్పించిన అమెరికన్ మనశ్శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, శిక్షితుల వ్యాపారము పుంజుకొన్నదని సంతసించి యూరకుండక, శిక్షణ పొందని వర్తకులతో వారిని సరిపోల్చి చూచుటయే ఆ ప్రయత్నమునకు శాస్త్రగౌరవమును తెచ్చినదని నా యభిప్రాయము. శ్రీరాంసాగర్ జలాశయము చెంతనున్న మన మెండోరలో పసుపు రైతులకు నేడెవరైన నట్టి బోధ చేసి, మరుసటి యేట వారి రాబడి పెరిగినదని చాటినచో, ఆ పెరుగుదల బోధవలననో, కాలువ నీటివలననో, నిజామాబాదు మార్కెట్టు ధరవలననో యెట్లు తేలును? బోధ వినని రైతుల లెక్కయు ప్రక్కన నుండవలెను, అందును, ఎవరు వినవలయునో చీటీలు తీసి నిర్ణయింపవలెను గాని, ముందుకు వచ్చిన యుత్సాహవంతులనే కూర్చుండబెట్టరాదు (వారు బోధ లేకున్నను బాగుపడుదురు కదా!). పోలిక చూపని ప్రేరణ శిబిరముల ప్రకటనలను పాఠకులు నమ్మవలదని మనవి.