అద్దె ఆటలూ సొంత ఆటలూ

లినక్స్ మీద ఆటలు ఆడేవాళ్ళని, మీకిష్టమైన ఐదు ఆటలు చెప్పమని అడిగి చూడండి. ఈమధ్య వచ్చే జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్, విచర్, ఇంకో రెండు. ప్రతి పేరుకీ ఒక తోక: "ప్రోటాన్‌లో ఫస్ట్‌క్లాస్‌గా నడుస్తోంది, విండోస్‌లో కన్నా నాలుగు ఫ్రేములు ఎక్కువే వస్తున్నాయి." ఆ ఆటలో ఏం నచ్చింది, ఏ ఘట్టం దగ్గర నిద్ర మానుకుని కూర్చున్నారు, ఓడిపోయాక మళ్ళీ మొదట్నుంచీ ఎందుకు మొదలెట్టారు అన్నది మాత్రం చెప్పరు. నడుస్తోంది. అదే గొప్ప.

పక్కింటివాళ్ళు వాళ్ళ టీవీని మన కిటికీలోంచి కనపడేలా తిప్పిపెట్టారని సంబరపడటం లాంటిది ఇది. బొమ్మ బాగానే కనపడుతుంది. రిమోట్ మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంటుంది. నా వాదన సూటిగా చెప్పేస్తాను. లినక్స్‌లో ఇష్టమైన ఆటలు అంటూ ఒక జాబితా రాస్తే, అందులో ముందు వరసలో ఉండాల్సినవి సోర్సుతో సహా మన చేతికొచ్చిన ఆటలు. వాటిని మన దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు. వాటిలోకి మన భాషని తీసుకెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ రెండో సంగతి తెలుగువాళ్ళకి మరీ ముఖ్యం.

ముందుగా ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేద్దాం. ఒకప్పుడు లినక్స్‌కి పెద్ద ఆటలు రావడమే గగనం. లోకీ అనే కంపెనీ 1998లో మొదలై, సివిలైజేషన్: కాల్ టు పవర్ లాంటివాటిని లినక్స్‌కి తెచ్చి, 2002లో మూతపడింది. విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపే వైన్ 1993 నుంచీ ఉంది కానీ, దాంతో ఒక ఆటని నడిపించడమే పెద్ద ఆటగా ఉండేది. 2013లో స్టీమ్ దుకాణం లినక్స్‌కొచ్చింది. 2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ, వైన్ మీద కట్టిన ప్రోటాన్‌ని బయటపెట్టింది. 2022లో లినక్స్‌తోనే నడిచే స్టీమ్ డెక్ చేతికొచ్చింది. వైన్, ప్రోటాన్ ఓపెన్ సోర్సే. వాటిని రాసినవాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే. నా గొడవ ఆ దారితో కాదు, ఆ దారిన వచ్చి మనింట్లో తిష్ట వేసి, తాళంచెవి మాత్రం తమ దగ్గరే పెట్టుకునే ఆటలతో.

తాళం ఎలా పడుతుందో చూడండి. 2020 మార్చిలో రాకెట్ లీగ్ లినక్స్ వెర్షన్‌కి మద్దతు ఆపేశారు. అది ప్రోటాన్‌లో నెట్టుకొచ్చింది కూడా కాదు, లినక్స్ కోసమే తయారుచేసిన వెర్షన్. 2024 సెప్టెంబర్‌లో జీటీఏ ఆన్‌లైన్‌కి మోసగాళ్ళని పట్టుకునే కొత్త సాఫ్ట్‌వేర్ తగిలించారు. స్టీమ్ డెక్‌లో ఆన్‌లైన్ ఆట ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబర్ చివర్లో, లినక్స్ నుంచి మోసాలు ఎక్కువవుతున్నాయంటూ అపెక్స్ లెజెండ్స్‌కి లినక్స్ తలుపులు మూసేశారు. ముందు రోజు దాకా జనం హాయిగా ఆడుకున్న ఆటలే ఇవన్నీ.

విండోస్ వాళ్ళు మాత్రం సుఖపడ్డారా? 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆటకి 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒక్కళ్ళే కూర్చుని ఆడుకునే భాగం కూడా సర్వర్ లేనిదే నడవదు కాబట్టి, డబ్బు పోసి డిస్కు కొన్నవాడికి మిగిలింది గుండ్రటి ప్లాస్టిక్ ముక్క. ఆ మంట లోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. అమ్మిన ఆటకి మద్దతు ఆపేసేటప్పుడు కనీసం ఆడుకునే స్థితిలో వదిలెళ్ళండి అని యూరప్‌లో వాళ్ళు పెట్టిన వినతిపత్రం మీద 2025లో సంతకాలు పది లక్షలు దాటాయి. పది లక్షల మంది సంతకాలు పెట్టి అడుక్కోవాల్సొచ్చిన ఆ హామీ, కొన్ని ఆటల్లో మొదట్నుంచీ ఉంది.

నెట్‌హ్యాక్ సంగతి తీసుకుందాం. 1987లో వచ్చింది. అంతకుముందున్న హ్యాక్ అనే ఆటని పట్టుకుని, నెట్ ద్వారా పరిచయమైన కొంతమంది కలిసి పెంచుకున్నారు కాబట్టి ఆ పేరు. బొమ్మలుండవు. ఈమెయిల్ అడ్రసులో ఉండే చుట్ట గుర్తే మీరు, పక్కన తిరిగే ఒక అక్షరం మీ కుక్కపిల్ల. నేలమాళిగల్లోకి అంతస్తులంతస్తులుగా దిగి ఒక తాయెత్తు తేవాలి. చచ్చిపోతే అంతే, మళ్ళీ మొదట్నుంచి. దీనికేముంది అనుకునేవాళ్ళకి ఒక్క ఉదాహరణ. అందులో కాకట్రిస్ అనే కోడి లాంటి జీవి ఉంటుంది. ఒట్టి చేత్తో తాకితే రాయైపోతారు. చేతికి తొడుగులు వేసుకుంటే మాత్రం, చచ్చిన కాకట్రిస్‌నే ఆయుధంగా పట్టుకుని శత్రువుల్ని రాళ్ళుగా మార్చొచ్చు. ఆ ధీమాతో నడుస్తూ నడుస్తూ గోతిలో పడ్డారనుకోండి, పడ్డప్పుడు అది మీ ఒంటికి తగులుతుంది, మీరే రాయైపోతారు. ఇది ఎక్కడా ముందుగా చెప్పరు. ఆలోచిస్తే మాత్రం, అవును కదా, అలాగే జరగాలి అనిపిస్తుంది. కుక్కపిల్ల ఏ వస్తువు మీద అడుగు పెట్టడానికి సంకోచిస్తుందో చూసి, దానికి శాపం ఉందని కనిపెట్టొచ్చు. ఇలాంటి ఆలోచనలు ఎంతోమంది, ఏళ్ళ తరబడి, ఒకరి మీద ఒకరు పేర్చుకుంటూ పోయారు. 2003 తర్వాత పన్నెండేళ్ళ పాటు కొత్త వెర్షన్ రాకపోయినా ఆట చావలేదు. సోర్సు జనం దగ్గరుంది కాబట్టి రకరకాల రూపాలు చేసుకుని ఆడుకున్నారు. 2015లో అసలు ఆట మళ్ళీ కదిలింది.

రెండోది బ్యాటిల్ ఫర్ వెస్‌నోత్. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు. చదరంగంలా వంతులవారీగా ఆడే యుద్ధం. ఆరు వంతులకి ఒక రోజు గడుస్తుంది. పగలు కొన్ని జాతులకి దెబ్బ బలం నాలుగో వంతు పెరుగుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది. ఇంకొన్ని జాతులకి సరిగ్గా తలకిందులు. కాబట్టి ఎప్పుడు ముందుకెళ్ళాలి, చీకటి పడేలోపు ఏ కొండ ఎక్కి కాచుకోవాలి అన్నదే సగం ఆట. అడవిలో ఉన్న ఎల్ఫ్‌ని కొట్టడం కష్టం, మైదానంలోకొస్తే తేలిక. ఒక యుద్ధంలో బతికిన సైనికుణ్ణి తర్వాతి యుద్ధానికి పిలుచుకోవచ్చు. నాలుగు యుద్ధాలు వెంట తిరిగినవాడు మన తొందరపాటు వల్ల పోతే నిజంగానే ప్రాణం చివుక్కుమంటుంది. అదృష్టం పాలు ఎక్కువని తిట్టుకునేవాళ్ళున్నారు, అందులో నిజం లేకపోలేదు. తిట్టుకుంటూనే ఆడతారు.

మూడోది జీరో ఏడీ. ప్రాచీన నాగరికతల మధ్య యుద్ధాలు. 2009లో దీని సోర్సు విప్పేశారు. ఇందులో గ్రీకులు, రోమన్లతో పాటు మౌర్యులున్నారు. చంద్రగుప్తుడు, అశోకుడు, చాణక్యుడు వీరులుగా వస్తారు. కొట్టిన కట్టెలూ, తవ్విన రాళ్ళూ ఊరిదాకా మోయక్కర్లేకుండా పని దగ్గరికే నడిచొచ్చే ఏనుగు ఒకటుంది. శాతవాహనులు లేరే అని మీకు అనిపించిందా? అమ్మకపు ఆటైతే ఆ మాట కంపెనీకి ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూడాలి. ఇక్కడ జాతుల వివరాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉన్నాయి. మౌర్యుల ఫైళ్ళు కాపీ చేసుకుని ధాన్యకటకం పని మొదలుపెట్టొచ్చు. బొమ్మలు గీయడం, కోటలు కట్టడం శ్రమే. కాకపోతే ఆ శ్రమకి అడ్డం నిలబడేవాడు లేడు.

ఇక భాష దగ్గరికొద్దాం. ఒక సాహిత్య పత్రికలో ఆటల గోల ఏమిటని ఇప్పటిదాకా ముఖం చిట్లించినవాళ్ళు కూడా ఇక్కణ్ణుంచి వినండి. మన పిల్లలు రోజుకి గంటల కొద్దీ ఉండే చోట తెలుగు దాదాపు లేదు. తెలుగులో మొదట్నుంచీ చివరిదాకా ఆడగలిగే పెద్ద ఆటల్ని వేళ్ళ మీద లెక్కపెట్టాలి. వాళ్ళు ఓడేది, గెలిచేది, బతిమాలేది, బెదిరించేది అంతా ఇంగ్లీషులో. ఇంటి భాష అమ్మతో అన్నం అడగడానికే మిగులుతోందని సభల్లో కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఆ భాషకి ఒక యుద్ధం, ఒక ద్రోహం, ఒక నేలమాళిగ ఇవ్వడం మాత్రం మన పని అనుకోం.

వెస్‌నోత్‌లో ప్రతి కథకీ పాత్రల సంభాషణలుంటాయి, ముందుమాటలుంటాయి. అవన్నీ అనువాదం కోసం విడి ఫైళ్ళలో పెట్టి ఉంచారు. మూలవాక్యం ఒక వరసలో, దాని కింద ఖాళీ కొటేషన్ గుర్తులు. ఆ ఖాళీ నింపడమే పని. అది గుమాస్తా పని అనుకుంటే పొరపాటు. ఆటలో రోజుకుండే ఆరు వేళల్లో రాత్రివి రెండు. వాటికి మనకి మొదటి జాము, రెండో జాము అని సిద్ధంగా మాటలున్నాయి. రాత్రి బలం పుంజుకునే జాతులకి ఇంగ్లీషులో పెట్టిన పేరుకి అర్థం అరాచకులని. అలాగే దించేస్తే చప్పగా ఉంటుంది. నిశాచరులు అనండి, ఆట నియమం మొత్తం ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. వెలుగుకీ చీకటికీ మధ్య రాణించే జాతులు కూడా ఉన్నాయి. సంధ్యవేళకున్న బలం ప్రహ్లాదుడి కథ విన్నవాళ్ళకి వేరే చెప్పాలా? ఇలాంటి చోట తెలుగు అరువు తెచ్చుకునేది కాదు, ఇచ్చేది.

అక్షరాల చిక్కు ఒకటుంది, దాచను. చాలా ఆటలు అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతాయి. అలాంటిచోట మన ఒత్తులు ఊడిపోతాయి, గుణింతాలు గాల్లో తేలతాయి, "లక్ష్మి" మూడు ముక్కలవుతుంది. అమ్మకపు ఆటలో ఇలా జరిగితే చేయగలిగింది లేదు. వెస్‌నోత్ అక్షరాల కోసం పాంగో అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని వాడుతుంది, దానికి ఒత్తులు పేర్చడం వచ్చు. ఆటలు తయారుచేసే గోడోకి కూడా 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో ఆ విద్య అబ్బింది. డెస్క్‌టాప్‌ని తెలుగు చేయడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు చేసిన కృషి మనకి తెలిసిందే. మెనూలు, బటన్లు తెలుగయ్యాయి. ఆ మెనూల వెనక పిల్లలు ఆడుకునేదేదీ పెట్టకపోతే ఎవరి కోసం?

అభ్యంతరాలు వస్తాయి. ప్రోటాన్ వల్ల కొత్తవాళ్ళు లినక్స్‌కి వస్తారు కదా అంటారు. స్టీమ్ లినక్స్‌కి వస్తోందన్న కబురు తెలిసినప్పుడు, 2012లోనే, రిచర్డ్ స్టాల్‌మన్ ఈ లెక్క వేశాడు. జనం విండోస్ వదలడం మంచిదే, కానీ స్వేచ్ఛ ముఖ్యం కాదన్న పాఠం కూడా దాంతోపాటే నేర్చుకుంటారేమో అన్నాడు. ఆయన మాటలన్నీ నాకు రుచించవు. ఈ మాట మాత్రం, పైన చెప్పిన జాబితాలు చూస్తే, అచ్చంగా నిజమైంది.

బొమ్మలు నాసిగా ఉంటాయంటారు. కొన్ని ఆటల్లో అవును. పెంగ్విన్‌తో కార్లు తోలించే సూపర్‌టక్స్‌కార్ట్, వందల కోట్ల ఆట ముందు వెలవెలబోతుంది. నలుగురు పిల్లలు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని అరుచుకుంటూ ఆడేటప్పుడు ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఊరికే ఇస్తే రాసినవాడు ఏం తింటాడన్నది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. సోర్సు ఇవ్వడం అంటే అమ్మకూడదని కాదు. మిండస్ట్రీ జీపీఎల్ లైసెన్సుతో ఉన్న ఆట, స్టీమ్‌లో డబ్బుకి అమ్ముతున్నారు, కొంటున్నారు. మధ్యే మార్గం కూడా ఉంది. 1993లో వచ్చిన డూమ్‌ని కొన్నేళ్ళు అమ్ముకుని, 1997లో దాని సోర్సు బయటపెట్టారు, 1999లో జీపీఎల్ కిందికి తెచ్చారు. బొమ్మలూ అంతస్తులూ కంపెనీ దగ్గరే ఉంచుకుంది. దాంతో కంపెనీ దివాలా తీయలేదు, డూమ్ ఇవాళ్టికీ బతికే ఉంది. సర్వర్లు ఆపేసేముందు ఈపాటి పని ఎందుకు చేయరని గట్టిగా అడగాల్సింది ఆడేవాళ్ళే.

నిజానికి ఇదంతా మనకి కొత్త కాకూడదు. పులి-మేక గీసుకోవడానికి మనం ఎవరి దగ్గరా లైసెన్సు తీసుకోలేదు. అష్టాచెమ్మాలో ఎన్ని పడితే కాయ దిగాలన్నది ఊరికో రకం. వామనగుంటలకి చింతపిక్కలు లేకపోతే గులకరాళ్ళు. మా ఊళ్ళో ఇలా కాదు అని పోట్లాడుకుని, రాజీ పడి, కొత్త నియమం పెట్టుకుని ఆడిన జాతి మనది. ఆట అంటే ఎవరో ఇస్తే తీసుకునేదనీ, వాళ్ళు లాగేసుకుంటే ఊరుకునేదనీ ఎప్పుడు నేర్చుకున్నాం?

ఎల్డెన్ రింగ్ ఆడొద్దని నేనెవరికీ చెప్పను. అది మంచి ఆట. ఇష్టమైన ఆటల జాబితా రాసేటప్పుడు మాత్రం ప్రతి పేరు పక్కనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడో ఒక సర్వర్ ఆపేస్తే ఇది రేపు నాకుంటుందా? మా తమ్ముడికి ఒక కాపీ ఇవ్వగలనా? దీనిలో నా భాష పెట్టగలనా? మూడింటికీ అవుననే ఆటలు పైన, మిగతావి కింద. ఇక కథలు అనువదించే అలవాటున్నవాళ్ళకి ఒక మనవి: వెస్‌నోత్‌లో చిన్న కథ ఒకటి తీసుకోండి. ఒకసారి పూర్తిగా ఆడండి. ఆ తర్వాత ఆ ఖాళీ కొటేషన్ గుర్తుల ఫైలు తెరవండి.