ఇంటర్వ్యూ ఎగ్గొట్టిన రోజు దొరికే ఊరట

ఎంతమందికి ఆఫర్లు వచ్చాయో కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ కడతారు. చివరి రౌండులో ఎంతమంది పోయారో ప్లేస్‌మెంట్ సెల్‌కు తెలుసు. రిజిస్టర్ చేసుకుని, రెజ్యూమె పంపి, తీరా ఆ రోజు ‘జ్వరం వచ్చింది సార్’ అని మెసేజ్ పెట్టి హాస్టల్లోనే ఉండిపోయినవాళ్ల లెక్క మాత్రం ఎక్కడా కనబడదు. మీరు వాళ్లలో ఒకరైతే ఈ మాటలు మీకోసమే. మీకు బద్ధకమని ఇంట్లోవాళ్లు అనుకుంటుండొచ్చు. మీరూ అదే నమ్మేస్తుండొచ్చు. చాలాసార్లు అసలు సంగతి వేరు.

ఇంటర్వ్యూకి ముందు గుండె దడదడలాడటం జబ్బేమీ కాదు. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, చేతులు చెమటలు పడతాయి, నోరు ఎండిపోతుంది. ఎదురుగా పులి నిలబడినా, ప్యానెల్లో ముగ్గురు కూర్చున్నా శరీరానికి తెలిసిన పద్ధతి ఒక్కటే. కాస్త కంగారు ఉంటేనే ముందురోజు రాత్రి పుస్తకం మరోసారి తిరగేస్తాం.

మీ నిర్ణయాలన్నీ ఆ కంగారే తీసుకోవడం మొదలుపెడితేనే చిక్కు. గ్రూప్ డిస్కషన్ ఉందని తెలిసి ఆ కంపెనీకి అప్లై చేయడమే మానేస్తారు. కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే, అది హెచ్‌ఆర్ కాల్ కావచ్చని తెలిసీ ఎత్తరు. నిద్ర పట్టదు, చదివింది గుర్తుండదు, కడుపులో తిప్పుతుంది. ఇది వారాలు దాటి నెలల్లోకి వెళ్తే మామూలు టెన్షన్ అని తీసిపారేయొద్దు. ముందు ఫిజీషియన్‌కు చూపించుకుంటే మంచిది. థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు ఇలాగే ఉంటాయి. రాత్రుళ్లు తాగే నాలుగైదు కాఫీల సంగతి కూడా ఆయనకు చెప్పండి.

ఇక ఎగ్గొట్టడం దగ్గరికి వద్దాం. వెళ్లకూడదని తేల్చుకున్న కాసేపటికే దడ తగ్గుతుంది. ఊపిరి తేలికవుతుంది, ఆకలి కూడా వేస్తుంది. ఆ ఊరటతోనే మోసపోతాం. ‘వెళ్లలేదు కాబట్టే గండం తప్పింది’ అని మెదడు రాసిపెట్టుకుంటుంది. వెళ్లి ఉంటే ఏమయ్యేదో దానికి ఎప్పటికీ తెలియదు. అందుకే వచ్చేసారి భయం ఇంకో మెట్టు పైనుంచి మొదలవుతుంది.

ఈ ముడి విప్పడానికే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ ఉంది. 1960లలో అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ దీనికి రూపమిచ్చారు. సినిమాల్లో చూపించినట్టు సోఫా మీద పడుకుని చిన్ననాటి కథలు చెప్పుకోవడం కాదిది. ఒకరకంగా మన కోచింగ్ లాంటిదే. సాధారణంగా వారానికో సెషన్, హోంవర్క్, పది పదిహేను సెషన్లలో ముగింపు. ‘ఒక్క ప్రశ్నకు తడబడితే నా పని అయిపోయినట్టే’ అనే ఆలోచన వచ్చిందనుకోండి. దాన్ని కాగితం మీద పెట్టించి, నిజమనడానికి రుజువేంటి, కాదనడానికి రుజువేంటి అని అడుగుతారు. ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అనే మోటివేషన్ వీడియోలకూ దీనికీ పోలికే లేదు.

రెండో సగం ఆచరణ. భయపడే పనిని మెట్లుగా విడగొడతారు. గదిలో ఒక్కరే సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పుకోవడం, ఫోన్‌లో రికార్డు చేసి వినడం, రూమ్‌మేట్ ముందు చెప్పడం, వేరే బ్రాంచ్‌వాళ్లు నలుగురి ముందు చెప్పడం, చివరికి ముఖపరిచయం లేని వ్యక్తితో మాక్ ఇంటర్వ్యూ. దడ పెరగగానే లేచి వచ్చేయకూడదు, కాస్త ఆగాలి. ఆగితే అదే తగ్గుతుందని మెదడుకు అనుభవంలోకి రావాలి. చెబితే ఎక్కే పాఠం కాదిది.

కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. వాటిని రాయాల్సింది సైకియాట్రిస్టు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందుల ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, వాటిని మనంతట మనం ఆపేయకూడదు. స్నేహితుడి దగ్గర తీసుకుని వేసుకునే ఆల్‌ప్రాజొలామ్ సంగతి వేరు. అది అలవాటుగా మారే మందు. ఇంటర్వ్యూ రోజు మగత తెచ్చిపెట్టేదీ అదే. థెరపీ చేసేది ఎక్కువగా క్లినికల్ సైకాలజిస్టు. ఆయనకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటం అక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్ ‘మైండ్ కోచ్’లను మాత్రం దూరం పెట్టమనే మా సలహా.

‘ఇది బయటపడితే ఉద్యోగం రాదేమో’ అన్న భయం చాలామందిని ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు మీకిచ్చింది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాలు తప్పిస్తే మీ అనుమతి లేకుండా డాక్టరు వాటిని బయటపెట్టకూడదు. మీ కెరీర్‌కు థెరపీకి వెళ్లడం కంటే వరుసగా ఆరు ఇంటర్వ్యూలు ఎగ్గొట్టడమే ఎక్కువ నష్టం.

కాలేజీలను కూడా ఒక మాట అడగాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత కలిగిన కౌన్సెలర్, సైకాలజిస్టు, సోషల్ వర్కర్‌లలో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. నోటీసు బోర్డులో ఒక లెక్చరర్ పేరు పక్కన ‘మెంటర్’ అని రాసి సరిపెట్టడం ఆ తీర్పును పాటించడం కాదు. సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్‌కు ఫీజు కట్టించుకునే కాలేజీకి ఇది మోయలేని ఖర్చనీ మేం అనుకోం. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో ఉంటారో ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా రాసి అడగండి. నలుగురు కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది.

ఈలోగా డబ్బులు లేవని ఆగిపోవద్దు. ప్రైవేటులో ఒక్కో సెషన్‌కు ఫీజు బరువే. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీకి కూడా వెళ్లొచ్చు. కదల్లేని స్థితిలో ఉంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన సేవ ఇది. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఇంట్లో ఒకరికి చెప్పండి, ఈ నంబరుకూ చేయండి.

ఫోన్ కలిశాక తెలుగు ఎంచుకోండి. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో అని ప్రిపేర్ కానక్కర్లేదు. ‘ఇంటర్వ్యూలంటే భయంగా ఉందండీ, మూడు నెలల నుంచి ఏదోవంక పెట్టి మానేస్తున్నాను’ అంటే చాలు. మిగతావి అవతలివాళ్లే అడుగుతారు.