గర్భసంచి తీశారు.. ఆవిర్లకు మందు మరిచారు!

* రాష్ట్రంలో జాతీయ సగటుకు రెండున్నర రెట్లకు పైగా గర్భసంచి తొలగింపులు
* ముందే ముంచుకొస్తున్న మెనోపాజ్.. హార్మోను చికిత్సపై వీడని భయం
* ఎవరికి ఏ మందు? తేల్చేది ఆపరేషన్ చీటీయే

గంగవరం: అర్ధరాత్రి ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్ముతాయి. చెమటతో బట్టలు తడిసి మెలకువ వస్తుంది. తిరిగి కన్ను మూతపడేలోగా పాలు పితికే వేళవుతుంది. తెల్లవారితే టమోటా తోటలోనో, పట్టుపురుగుల షెడ్డులోనో పని. గుండె దడ, కీళ్ల నొప్పులు, అకారణంగా ముంచుకొచ్చే దుఃఖం, కలయికలో మంట, మూత్ర సమస్యలు. ఇవన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయని చెప్పేవారు లేక, ఒక్కో బాధకు ఒక్కో వైద్యుడి వద్దకు తిరుగుతున్న మహిళలు పల్లెల్లో ఎందరో. గుండెకు ఈసీజీ, కీళ్లకు కాల్షియం, నిద్రకు మాత్ర రాయించుకుని వస్తారే గానీ మెనోపాజ్ అన్న మాట చీటీలో కనిపించడం అరుదు. 'వయసు మీద పడింది, ఓర్చుకోవాల్సిందే' అన్నది ఇంట్లో వినిపించే సమాధానం.

పలమనేరుకు చేరువలోని గంగవరం మండలం మొదలు పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల వరకు ఈ సమస్యకు మరో కోణం ఉంది. ఇక్కడ మెనోపాజ్ ఎప్పుడూ వయసుతోనే రాదు. తరచూ ఆపరేషన్ బల్ల మీద నుంచి వస్తుంది.

ముందుగానే ముగుస్తున్న రుతుచక్రం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశ సగటు 3.2 శాతం మాత్రమే. 2019-21 సర్వే నాటికీ పరిస్థితి మారలేదు. రాష్ట్రంలో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం, దేశంలో 3.3 శాతంగా తేలింది. దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి వయసు 34 ఏళ్ల లోపేనని, మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయని 2015-16 సర్వే వెల్లడించింది. ఉమ్మడి రాష్ట్రంలోనే మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేని ఆపరేషన్ల తీరును డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి వెలుగులోకి తెచ్చారు.

తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుము నొప్పి వంటి సమస్యలతో వెళ్లినవారిని 'పుండు క్యాన్సర్‌గా మారుతుంది' అన్న ఒక్క మాట భయపెడుతుంది. పిల్లలు పుట్టేశారు కదా, ఇక ఆ సంచితో పనేముందన్న ఆలోచన తోడవుతుంది. నిజానికి నలభైల్లో నెలసరి గతి తప్పడం మెనోపాజ్ సమీపిస్తోందనడానికి సూచన కావచ్చు. కారణం పరీక్షించి తేల్చాక, చాలామందికి ప్రొజెస్టిరాన్ తరగతి మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోను పరికరంతోనో రక్తస్రావం అదుపులోకి వస్తుంది. సరైన హార్మోను వైద్యం కత్తికి ప్రత్యామ్నాయం కాగలదన్నది ఇక్కడ గుర్తించాల్సిన మొదటి అంశం.

అండాశయాలు ఉన్నాయా? తీశారా?

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. ఈస్ట్రోజెన్ తయారయ్యేది అండాశయాల్లో. గర్భసంచి ఒక్కటే తీసినప్పుడు నెలసరి ఆగినా హార్మోన్లు అందుతూనే ఉంటాయి. అయితే అండాశయాలు ఒకటి రెండేళ్లు ముందుగా అలసిపోయే అవకాశం ఉంది. రెండు అండాశయాలనూ తొలగిస్తే మాత్రం ఏళ్ల తరబడి నెమ్మదిగా జరగాల్సిన మార్పు రాత్రికి రాత్రే జరిగిపోతుంది. ఆవిర్లు తీవ్రంగా వస్తాయి. ఎముకలు త్వరగా గుల్లబారతాయి. గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది.

సహజంగా భారతీయ మహిళల్లో మెనోపాజ్ సగటున 46-47 ఏళ్లకు వస్తుంది. వరుసగా ఏడాది పాటు నెలసరి రాకపోతే మెనోపాజ్‌గా నిర్ధారిస్తారు. గర్భసంచి లేని మహిళకు ఈ గుర్తు ఉండదు. అందుకే నలభై ఏళ్లకే నిద్ర కరవై తిరుగుతున్నా అది మెనోపాజ్ అని ఆమెకూ తోచదు, వైద్యుడికీ తట్టదు. ఆపరేషన్ నాటి డిశ్చార్జి చీటీ ఉంటే చిక్కు సగం వీడుతుంది. పాత ట్రంకు పెట్టెలో పడి ఉన్న, లేదా ఎప్పుడో పారేసిన ఆ కాగితమే తర్వాతి ఇరవై ఏళ్ల వైద్యానికి ఆధారం.

2002 నాటి భయం

హార్మోన్ల పేరు చెబితే క్యాన్సర్ గుర్తుకు రావడానికి కారణం లేకపోలేదు. అమెరికాలో 16,608 మందిపై సాగిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనాన్ని 2002 జులైలో అర్ధాంతరంగా ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో ఏటా ప్రతి 10 వేల మందికి రొమ్ము క్యాన్సర్ కేసులు 8, పక్షవాతం కేసులు 8 అదనంగా కనిపించాయి. ప్రపంచమంతటా వైద్యులు మందు చీటీలు రాయడం తగ్గించారు.

ఆ అధ్యయనంలో పాల్గొన్నవారి సగటు వయసు 63 ఏళ్లన్న సంగతి మాత్రం అంతగా ప్రచారం కాలేదు. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో విభాగం ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అందులో పక్షవాతం ముప్పు పెరిగినా రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. 60 ఏళ్ల లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెడితే తీవ్ర లక్షణాలున్న ఆరోగ్యవంతులకు ముప్పు కన్నా మేలే ఎక్కువన్నది నేటి వైద్య సంఘాల అభిప్రాయం. ఈ మందులపై రెండు దశాబ్దాలుగా ఉన్న గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు హెచ్చరికల పెట్టెను తొలగిస్తున్నట్టు 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి క్యాన్సర్ రావచ్చన్న హెచ్చరికను అలాగే ఉంచింది.

ఎవరికి ఏది?

హార్మోను చికిత్స అందరికీ ఒకే మాత్ర కాదు. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు దాని పొరను కాపాడే ప్రొజెస్టిరాన్ తప్పనిసరి. తీసేసినవారికి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. అధిక బరువు, రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవారికి మాత్ర కన్నా చర్మానికి రాసే జెల్ సురక్షితం. బాధ యోని పొడిబారడం, మూత్ర మంట వరకే పరిమితమైతే అక్కడ రాసే ఈస్ట్రోజెన్ క్రీము సరిపోతుంది. 40 ఏళ్ల లోపే అండాశయాలు పోయినవారి లెక్క వేరు. వారు కోల్పోయినదాన్నే తిరిగి ఇస్తున్నట్టు కనుక, అడ్డంకులేవీ లేకుంటే సహజ మెనోపాజ్ వయసు వరకు వాడాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల సారాంశం.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవారు, గుండెపోటు, పక్షవాతం, తీవ్ర కాలేయ వ్యాధి ఉన్నవారు హార్మోను మాత్రలకు దూరంగా ఉండాలి. నెలసరి ఆగిన ఏడాది తర్వాత రక్తం కనిపిస్తే ముందు పరీక్ష, తర్వాతే మందు. ఇటువంటివారికి ఆవిర్లను తగ్గించే హార్మోనేతర మందులు ఉన్నాయి. రక్తహీనత, థైరాయిడ్ లోపాలు కూడా ఇవే లక్షణాలతో కనిపిస్తాయి కనుక ఆ పరీక్షలు మరువరాదు. మందుల దుకాణంలో అడిగి కొనే హార్మోను మాత్ర, పొరుగింటి ఆమె చీటీ చూసి వాడే మాత్ర రెండూ ప్రమాదకరమే.

దారి దగ్గరలోనే..

ఈ ప్రాంతంలో స్త్రీ వైద్య నిపుణులే లేరనడానికి వీల్లేదు. పలమనేరులో ఏరియా ఆసుపత్రి, మదనపల్లెలో ప్రభుత్వ ఆసుపత్రి, కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు దాటితే వేలూరు సీఎంసీ, ఇటు తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. లోపించింది తొలి మెట్టు. కాన్పుకు, కుటుంబ నియంత్రణకు ఇంటి తలుపు తట్టే ఆశా కార్యకర్తకు నలభై దాటిన మహిళను అడగడానికి ప్రశ్న లేదు. 30 ఏళ్లు నిండినవారికి బీపీ, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు పల్లెల్లోనే చేసే జాతీయ కార్యక్రమం ఉంది. 'రాత్రి నిద్ర పడుతోందా? ఆవిర్లు వస్తున్నాయా? గర్భసంచి తీశారా, అండాశయాలు ఉన్నాయా?' అన్న మూడు ప్రశ్నలు దానికి చేరిస్తే అదనపు ఖర్చు దాదాపు ఉండదు. పైగా చికిత్సకు ముందు చూడాల్సిన బీపీ, చక్కెర, రొమ్ము పరీక్షలు అక్కడే పూర్తవుతాయి.

అవసరం లేని గర్భసంచి తొలగింపులను అరికట్టేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది అందులో కీలకం. ఇకపై జరిగే ఆపరేషన్లను లెక్కించడంతోనే ఆ కమిటీల బాధ్యత తీరదు. ఇప్పటికే ఆపరేషన్ అయినవారికి తర్వాతి వైద్యం అందుతోందా అన్నదీ ఆరా తీయాలి. ఏ అవయవాలు తొలగించారో ప్రతి డిశ్చార్జి చీటీలో తెలుగులో, రోగికి అర్థమయ్యేలా రాయించాలి.

ఆవిర్లు ఏడాదికే తగ్గిపోతాయనుకోవడం పొరపాటు. సగటున ఏడేళ్లకు పైగా వేధిస్తాయని అమెరికాలో దీర్ఘకాలం సాగిన అధ్యయనం తేల్చింది. ఏడేళ్ల నిద్రలేమిని ఓర్పు అనే ఒక్క మాటతో దాటవేయడం తగదు. పాత చీటీ వెదికి పట్టుకుని, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని స్త్రీ వైద్యుల వద్దకు వెళ్లి 'నాకు హార్మోను చికిత్స సరిపడుతుందా?' అని సూటిగా అడగడం మహిళలు వేయాల్సిన అడుగు. ఆ ప్రశ్న ఊళ్లోనే, ఆశా నోటే ముందుగా వినిపించేలా చూడటం యంత్రాంగం బాధ్యత.