ఆరిపోయిన అంకె: తప్పు ఎవరిది?

బాలలూ! అంకెల గడియారంలో నాలుగు అంకెలూ ఒక్కసారే వెలుగుతున్నట్టు కనబడతాయి కదూ? చాలా గడియారాలలో ఏ క్షణాన చూసినా నిజంగా వెలిగేది ఒక్క అంకే! ఒకటి ఆరగానే రెండవది, అది ఆరగానే మూడవది వెలుగుతాయి. ఒక్కొక్కటి 2 మిల్లీసెకండ్లు వెలిగితే, సెకనుకు 125 చుట్లు పూర్తవుతాయి. ఆ వేగాన్ని మన కన్ను పట్టలేదు.

ఇంత తంటా ఎందుకంటారా? ఒక్కొక్క అంకెలో ఏడు గీతలు. విడివిడిగా అయితే 28 తీగలు కావాలి. ఈ పద్ధతిలో గీతలకు 7, అంకెలకు 4, మొత్తం 11 చాలు. అయితే "8" వెలిగినప్పుడు ఏడు గీతల కరెంటూ ఒక్క అంకె తీగలోనే పోవాలి. 5 వోల్టుల మీద, గీతకొక 330 ఓముల రెసిస్టరు పెడితే, ఎర్ర దీపాలకు అది సుమారు 60 మిల్లీఆంపియర్లు. చిప్పు కాలు అంత మోయలేదు. అందుకే అంకెకొక ట్రాన్సిస్టరును పెడతారు.

మీరు కట్టిన గడియారం సరిగా వెలగకపోతే, వెంటనే ట్రాన్సిస్టరు పీకి పారవేయకండి. ముందుగా 8888 వెలిగించి చూడండి.

ఒక అంకె మొత్తం ఆరిపోయిందా? దాని ట్రాన్సిస్టరునో, తీగనో అనుమానించాలి. కరెంటు ఆపి, ఆ ట్రాన్సిస్టరును పక్కదానితో మార్చండి. లోపం దానివెంటే పోతే ట్రాన్సిస్టరు చెడింది. అక్కడే ఉంటే తీగలు, అతుకులు చూడండి.

అన్ని అంకెలలోను ఒకే గీత లేదా? ట్రాన్సిస్టర్ల తప్పు కాదు. ఆ గీత తీగ ఊడింది.

"1" బాగా వెలిగి, "8" మసకగా ఉందా? బేసుకు కరెంటు చాలడం లేదు. 1 కిలోఓము రెసిస్టరుకు బదులు 10 కిలోఓములది పెట్టారేమో! ట్రాన్సిస్టరు కాళ్లు తారుమారైనా ఇలాగే జరుగుతుంది.

పక్క అంకె నీడ కనబడుతోందా? పాత అంకె ఆరకముందే గీతలు మారుతున్నాయన్నమాట. ముందు పాత అంకెను ఆర్పి, గీతలు మార్చి, ఆపైన కొత్తదాన్ని వెలిగించాలి.

చూశారా, ఏది ఆరిందో, ఏది వెలుగుతోందో జాగ్రత్తగా చూస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది!

ఇక మీకొక ప్రశ్న. 12 గంటల గడియారం ఒకటి 10:00 చూపుతోంది. దానిలో అన్ని అంకెలకూ నడిమి గీత వెలగడం లేదు. అసలు వేళ ఎంతెంత కావచ్చును? మీ బడి గంట 10కి కొడితే, ఆ గడియారాన్ని నమ్మి ఎంత ఆలస్యం కాగలరు?