గోనెగుడ్డలో పదమూడు మంది

అబ్బాయిని చూడడానికి అమెరికా వెళ్లినప్పుడు ఏమేమి చూశారని సంఘంలో చాలామంది అడిగారు. పెద్ద పెద్ద భవనాల సంగతి మీరు టీవీలో చూస్తూనే ఉంటారు. అందుకని ఈ నెల ఒక పాడుపడ్డ ఊరి పక్కన చూసినదాని గురించి రాస్తున్నాము.

నెవాడా రాష్ట్రంలో లాస్ వేగాస్ నుండి వాయవ్యంగా సుమారు 190 కిలోమీటర్లు వెళితే బియట్టీ అనే చిన్న ఊరు వస్తుంది. దారి పొడుగునా రాళ్లు, ముళ్లతుప్పలు తప్ప ఇంకేమీ లేవు. మన వైపు కరువు సంవత్సరంలో కూడా అంత బోడి నేల కనబడదు. బియట్టీ దాటి మరి కొద్ది దూరంలో రయోలైట్ అనే పాత ఊరు ఉంది. 1904లో అక్కడ బంగారం దొరికింది. రెండు మూడేళ్లలో వేలమంది వచ్చి పడ్డారు. బడి, ఆసుపత్రి, రైలు స్టేషను, కరెంటు, మంచుగడ్డల కర్మాగారం, అన్నీ వచ్చాయి. 90 వేల డాలర్లు పోసి మూడంతస్తుల బ్యాంకు కట్టారు. 1910 నాటికి ఆ ఊళ్లో మిగిలినవారు 611 మంది. 1911లో పెద్ద గని మూసేశారు, 1916లో కరెంటు తీసేశారు. ఇప్పుడు ఆ బ్యాంకుకు కప్పు లేదు. మొండిగోడల సందుల్లోంచి ఆకాశం కనబడుతోంది.

మేము చూడవెళ్లినది ఆ ఊరి పక్కనే ఉన్న గోల్డ్‌వెల్ అనే ఆరుబయలు శిల్పశాల. దానికి ప్రహరీ లేదు, టిక్కెట్టు లేదు. రాత్రయినా పగలైనా ఎవరైనా వెళ్లి చూడవచ్చు. బొమ్మలు చూడడానికి ఇంత దూరమా అని మీలో కొందరు అనుకుంటారని మాకు తెలుసు. కారులో మేమూ అదే గొణుక్కున్నాము.

దిగగానే ఎదురుగా ప్రభువు రాత్రి భోజనము కనబడింది. మన ఇళ్లల్లో క్యాలెండరు మీద ఉంటుందే, లియొనార్డో మిలాను పట్టణంలో గోడ మీద వేసిన బొమ్మ, అదే వరుస, అదే కూర్పు. కాని మనుషులు లేరు! తెల్లని ముసుగులు మాత్రమే ఉన్నాయి, పదమూడు. ముఖం ఉండవలసిన చోట చీకటి. ఒక ముసుగు పక్కకు వంగి ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టుంది, ఇంకొకటి అయ్యో అన్నట్టు వెనక్కి జరిగింది. లోపల ఎవరూ లేరు.

వీటిని 1984లో ఆల్బర్ట్ షుకాల్‌స్కీ అనే బెల్జియం శిల్పి చేశాడు. ఈ ఎడారి పరిశుద్ధ దేశపు ఎడారిలా ఉందని అతనికి తోచిందట. చేసిన పద్ధతి మన పల్లెవాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. గోనెగుడ్డను తడి ప్లాస్టరులో ముంచాడు. చెయ్యి విరిగితే ఆసుపత్రిలో కట్టు వేస్తారే, ఆ పిండే. బియట్టీ ఊరివాళ్లను కూర్చోబెట్టి, నిలబెట్టి, ఆ గుడ్డ వాళ్లమీద కప్పాడు. పిండి బిగుసుకునేదాకా వాళ్లు కదలకుండా ఉన్నారు. తర్వాత మెల్లగా కిందినుండి జారి బయటికి వచ్చేశారు, గుడ్డ అలాగే నిలబడిపోయింది. మొదట రెండేళ్లు నిలిస్తే చాలనుకున్నారట. పైన ఫైబర్ గ్లాసు పూత వేశాక ఎండకూ గాలికీ తట్టుకొని, ఇప్పటికి నలభై ఏళ్లు దాటినా నిలిచే ఉంది. మూడంతస్తుల బ్యాంకు కూలింది, గోనెగుడ్డ నిలిచింది. శిల్పి మాత్రం 2000లో కన్నుమూశాడు.

అక్కడ ఇంకా కొన్ని ఉన్నాయి. సైకిలు పట్టుకున్న ఒక ముసుగు, గులాబిరంగు సిమెంటు ఇటుకల్లో పెద్ద స్త్రీమూర్తి, బంగారం కనిపెట్టిన షార్టీ హారిస్ ఇనుపబొమ్మ. ఆ ఇనుప మనిషి పక్కన ఒక పెంగ్విన్ పక్షి! మంచుదేశపు పక్షికి ఈ ఎడారిలో ఏం పని అంటే, తానూ ఇక్కడ అలాగే ఉన్నానని ఆ శిల్పి భావమట. అమెరికాలో మూడు నెలలున్న మాకు ఆ పక్షి మీద చాలా ప్రేమ కలిగింది.

కాని మళ్లీ ఆ పదమూడు మంది దగ్గరికే వచ్చాము. క్యాలెండరు బొమ్మలో యూదా ఎవరో చిన్నపిల్లలు కూడా చెబుతారు, చేతిలో డబ్బుసంచి ఉంటుంది. ఇక్కడ వెదికాము. ఇటునుండి నాలుగోవాడా, అయిదోవాడా? మాలో ఒకరు ఒకణ్ణి చూపితే ఇంకొకరు కాదన్నాము. ముఖాలు లేవు, అందరూ ఒకే గుడ్డ. ఆ రాత్రి శిష్యులకే తెలియలేదు కదా, ఒక్కొక్కడూ తన మీదే అనుమానపడి ప్రభువును అడిగాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నాన్నగారు పోయాక ఇంటి స్థలంలో గోడ విషయమై మాకూ మా తమ్ముడికీ మాట పోయింది. తొమ్మిదేళ్లయింది. ప్రతి నెలా సంస్కారపు ఆదివారం ఒకే గుడిలో అటొకరం ఇటొకరం కూర్చొని, ఒకే రొట్టె తీసుకొని, ఎవరి దారిన వాళ్లం వచ్చేస్తున్నాము. యూదా ఎవరో మాకు వెదకనక్కర లేకుండానే తెలుసని ఇన్నాళ్లూ అనుకున్నాము. ఆ ముసుగుల ముందు నిలబడితే, గోడ కొలిచిన రోజు మేమన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అవి ఇక్కడ రాయలేము.

పొద్దు గూకుతోంది, గాలి చలిగా కొడుతోంది. అబ్బాయి మా ఇద్దరినీ ఆ పదమూడు మంది ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. "బాబాయికి కూడా పంపనా నాన్నా?" అన్నాడు. కుటుంబమంతా ఉన్న వాట్సాప్ గుంపులో తమ్ముడూ ఉన్నాడు, ఎన్నడూ ఒక్క మాట రాయడు. పంపమన్నాము. అక్కడ సిగ్నల్ సరిగా లేక ఫోటో వెళ్లలేదు. బియట్టీలో కాఫీకి ఆగినప్పుడు వెళ్లింది. అప్పటికి మన దేశంలో తెల్లవారింది.

కాఫీ చల్లారకముందే జవాబు వచ్చింది. "అంత గాలిలో అన్నయ్య చెవులకు మఫ్లరు కట్టలేదేం వదినా?"

మఫ్లరు పెట్టెలో అడుగున ఉంది. కారు డిక్కీ తీయించి, పెట్టె అంతా తిరగేసి దాన్ని బయటికి తీశాము.